నూటయాభై అడుగుల గీత: సుక్మా అడవుల్లో నేల ఎత్తును ఎలా కొలుస్తారు?

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన సుక్మా జిల్లా ఉంది. ఆ జిల్లా దక్షిణపు కొసన కుంట. ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు నుంచి జాతీయ రహదారి 30 మీద జగదల్‌పూర్ వైపు వెళ్తుంటే రాష్ట్ర సరిహద్దు దాటగానే వచ్చే పట్టణం ఇది. పక్కనే శబరి నది పారుతుంది. కొద్ది దూరంలోనే సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడూ కలిసే చోటు అదే. అక్కడి నుంచి శబరి దిగువకు సాగి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది.

పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు, అంటే సముద్రమట్టానికి 45.72 మీటర్లు. జలాశయం ఆ మట్టానికి నిండితే శబరి వెంట నీరు ఎంత దూరం ఎగువకు నిలుస్తుంది, ఎవరి పొలం దాకా వస్తుంది అనేది కుంట ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న. ముంపుపై అభ్యంతరాలతో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. సంబంధిత రాష్ట్రాలతో సమావేశమై చర్చించాలని 2022 సెప్టెంబరులో న్యాయస్థానం కేంద్రానికి సూచించింది.

ఈ వివాదంలో న్యాయం, పరిహారం, రాజకీయం అన్నీ ఉన్నాయి. వాటన్నిటికీ అడుగున మాత్రం ఒక కొలత ఉంది: ఈ నేల సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంది? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ జనం పలచగా, అడవి చిక్కగా ఉన్న చోట దీనికి కచ్చితమైన జవాబు చెప్పడం ఇప్పటికీ తేలిక కాదు.

65వ నంబరు షీటు

బస్తర్ అడవులకు మ్యాపులే లేవని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1767లో మొదలైన భారత సర్వే సంస్థ దేశమంతటినీ టోపోషీట్లుగా విభజించింది. టోపోషీటు అంటే కొండలు, వాగులు, దారులు, ఊళ్లు, నేల ఎత్తులు చూపే పటం. నాలుగు డిగ్రీల అక్షాంశం, నాలుగు డిగ్రీల రేఖాంశం గల ఒక్కో చదరానికి ఒక సంఖ్య ఇస్తారు. దాన్ని పదహారు భాగాలు చేసి ఒక్కోదానికి ఒక ఇంగ్లిషు అక్షరం తగిలిస్తారు. ఆ భాగాన్ని మళ్లీ పదహారు ముక్కలు చేస్తే 1:50,000 స్కేలు పటాలు వస్తాయి.

సుక్మా ఉన్నది 65వ నంబరు చదరంలో. తెలుగు పాఠకులకు ఇది పరిచయమైన చదరమే. భద్రాచలం 65సి లోనూ, విశాఖపట్నం 65ఓ లోనూ వస్తాయి. సుక్మా పట్టణం, ఇనుప ఖనిజానికి పేరుపడిన బైలదిల్లా కొండలు 65ఎఫ్ లో ఉంటాయి. కుంట దాని కిందనున్న 65జి లోకి వస్తుంది. పటం మీద చూస్తే ఈ ఊళ్లన్నీ ఒకే ఇంటి గదుల్లా కనిపిస్తాయి.

మరి లేనిది ఏమిటి? సుక్మాకు ఉత్తర, వాయవ్య దిశల్లో దాదాపు 4,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన అబూజ్‌మడ్‌లో లేనిది టోపోషీటు కాదు, రెవెన్యూ సర్వే. అంటే ఏ పొలం ఎవరిది, దాని హద్దులేమిటి అని చెప్పే పటం అక్కడి ఊళ్లకు తరతరాలుగా లేదు. ఇటీవలి ఏళ్లలో ఐఐటీ రూర్కీ సాంకేతిక సహకారంతో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ పని మొదలుపెట్టింది. 'మసాహతి' పేరుతో తొలి విడత భూమి పత్రాలు ఇవ్వడం ప్రారంభించింది. టోపోషీటు కొండను చూపిస్తుంది. రెవెన్యూ పటం గట్టును చూపిస్తుంది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

రెండు గీతల నడుమ

టోపోషీటు మీద ఎత్తును కాంటూరు రేఖలతో చూపిస్తారు. ఒకే ఎత్తులో ఉన్న బిందువులన్నిటినీ కలుపుతూ గీసేదే కాంటూరు రేఖ. చెరువు నిండినప్పుడు నీటి అంచు ఎక్కడెక్కడ నేలను తాకుతుందో ఊహించుకుంటే అదే కాంటూరు. గీతలు ఒత్తుగా ఉంటే వాలు నిటారుగా ఉన్నట్టు, ఎడంగా ఉంటే నేల చదునుగా ఉన్నట్టు.

1:50,000 పటాల్లో రెండు కాంటూరు రేఖల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. అంటే 40 మీటర్ల గీత ఉంటుంది, 60 మీటర్ల గీత ఉంటుంది. శబరి ఒడ్డున అందరూ అడిగే 45.72 మీటర్ల గీత మాత్రం ఆ రెంటి నడుమ ఎక్కడో పడుతుంది. అది సరిగ్గా ఎక్కడో ఆ పటం చెప్పదు. చెప్పడానికి దాన్ని తయారు చేయనూలేదు.

ఇందులో ఎంత తేడా రావచ్చో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. నది ఒడ్డు నుంచి లోపలికి 200 మీటర్లు నడిస్తే నేల ఒక మీటరు పైకి లేస్తుందనుకుందాం. అలాంటి చోట ఎత్తులో ఒక్క మీటరు పొరపాటు జరిగితే పటం మీద ముంపు గీత 200 మీటర్లు అటో ఇటో జరుగుతుంది. ఎనిమిది మీటర్లు తప్పితే 1,600 మీటర్లు జరుగుతుంది. ఆ మేరలో ఒక వాడకు వాడే ఉండవచ్చు. కొండవాలు మీద పెద్దగా లెక్కలోకి రాని పొరపాటు, జనం ఇళ్లు కట్టుకుని వరి పండించుకునే చదును నేల మీదే అసలు నష్టం చేస్తుంది.

అడవి కప్పేసిన నేల

ఎత్తును కొలవడానికి 19వ శతాబ్దంలో ఉన్న దారి త్రిభుజాల పద్ధతి. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఒక ఆధార రేఖను కొలిచి మహా త్రికోణమితి సర్వేను ప్రారంభించాడు. ఒక కొండ మీద నుంచి మరో కొండను చూసి కోణాలు కొలిచి, ఆ లెక్కలతో దూరాలు, ఎత్తులు రాబట్టేవారు. ఇందుకు కొండకూ కొండకూ మధ్య చూపు సాగాలి. అడవి ఆ చూపునే అడ్డుకుంటుంది. 1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో పనిచేస్తున్న జార్జ్ ఎవరెస్ట్ బృందం మన్యం జ్వరాలతో మంచం పట్టింది. కోలుకోవడానికి ఆయన మరుసటి ఏడాది ఆఫ్రికా దక్షిణ తీరంలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్లాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి పెట్టింది ఈయన పేరే.

ఇప్పుడు ఆకాశం నుంచి కొలుస్తున్నారు కదా, అడవితో ఇబ్బందేమిటి అనిపించవచ్చు. ఇబ్బంది తీరలేదు, రూపం మార్చుకుంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో భూమి మీది నేలలో అత్యధిక భాగం ఎత్తులను కొలిచింది. ఆ సమాచారాన్ని నేటికీ ప్రపంచమంతా వాడుతోంది. అయితే ఆ రాడార్ తరంగం పొడవు దాదాపు 5.6 సెంటీమీటర్లు. ఆకులు, కొమ్మలు తగలగానే అందులో చాలా భాగం అక్కడి నుంచే వెనక్కి మళ్లుతుంది. అందువల్ల చిక్కటి అడవిలో అది చెప్పే ఎత్తు నేలదీ కాదు, చెట్టు చిటారుకొమ్మదీ కాదు. రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

2005 మే 5న ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 మరో దారిలో వెళ్లింది. ముందుకు వంగిన ఒక కెమెరా, వెనక్కి వంగిన మరో కెమెరా ఒకే చోటును రెండు కోణాల్లో ఫొటో తీస్తాయి. మన రెండు కళ్లు లోతును గ్రహించినట్టే, ఆ రెండు చిత్రాల తేడా నుంచి ఎత్తును లెక్కగడతారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వీటితో దేశం మొత్తానికి ఎత్తుల నమూనాను సిద్ధం చేసింది. భువన్ పోర్టల్ ద్వారా దాన్ని అందుబాటులో ఉంచింది. వాగుల పరీవాహక ప్రాంతాలు గుర్తించడానికి, రోడ్డు ఏ దారిలో వేయాలో ప్రాథమికంగా తేల్చడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. కానీ కెమెరా కూడా పైకి కనిపించేదాన్నే చూస్తుంది. చెట్ల కింద నేల దానికి కనిపించదు. పైగా ఇలాంటి నమూనాల్లో కొన్ని మీటర్ల తేడా ఉండటం సహజం. 45.72 మీటర్ల గీతను తేల్చే పనికి అది చాలదు.

అడవి కింది నేలను చూడగలిగేది లేజర్ పద్ధతి. దీన్ని లైడార్ అంటారు. విమానం నుంచో డ్రోన్ నుంచో సెకనుకు లక్షల లేజర్ స్పందనలు కిందికి పంపుతారు. వాటిలో చాలావరకు ఆకులకే తగులుతాయి. కొన్ని మాత్రం ఆకుల సందుల్లోంచి దూరి నేలను తాకి తిరిగొస్తాయి. అన్నిటికంటే ఆలస్యంగా తిరిగొచ్చిన వాటిని ఏరి పెడితే అడవిని ఒలిచేసినట్టు కింది నేల రూపం బయటపడుతుంది. టేకు వంటి చెట్లు ఆకు రాల్చే కాలంలో ఎగిరితే నేలను తాకే స్పందనలు ఎక్కువగా దొరుకుతాయి. సరిగ్గా చేస్తే ఎత్తులో పొరపాటు సెంటీమీటర్లకు దిగుతుంది. అడవుల్లోనే నీటిని, పశుగ్రాసాన్ని పెంచే పనులకు ప్రణాళికలు వేయడానికి వ్యాప్‌కోస్ సంస్థ లైడార్ సర్వేలు చేసింది. వాటి ఆధారంగా తయారైన ప్రాజెక్టు నివేదికలను 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసింది. అందులోని 10 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం కూడా ఇక్కడ ప్రస్తావించదగినదే. నాసా, ఇస్రో కలిసి నిర్మించిన ఈ ఉపగ్రహంలో రెండు రాడార్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. పొడవు తరంగం ఆకులను దాటి మరింత లోపలికి వెళ్తుంది. నేల కదలికలను, అడవి పరిమాణాన్ని గమనించడం నిసార్ ప్రధాన లక్ష్యం. కొమ్మల కింద నిలిచిన వరద నీటిని గుర్తించడంలోనూ ఇలాంటి రాడార్ అక్కరకొస్తుంది.

సముద్రం ఎక్కడ మొదలవుతుంది?

ఎత్తును కొలిచే పరికరం ఎంత గొప్పదైనా ఒక ప్రశ్న మిగులుతుంది: ఎక్కడి నుంచి ఎత్తు? 'సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు' అంటాం. సముద్రం కుంటకు చాలా దూరంలో ఉంది. ఆ మట్టాన్ని అక్కడి దాకా తీసుకెళ్లాలి. భారతదేశంలో ఎత్తులకు చాలాకాలం పాటు ఆధారంగా ఉన్నది 1909 నాటి వ్యవస్థ. తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను కొలిచి సగటు సముద్రమట్టాన్ని స్థిరపరిచారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. అక్కడి నుంచి లెవెలింగ్ పరికరంతో అంచెలంచెలుగా ఎత్తును మోసుకుంటూ లోపలి ప్రాంతాలకు వెళ్లారు. దారి పొడవునా బెంచ్‌మార్కు రాళ్లు పాతుకుంటూ పోయారు. ఈ పని రోడ్ల వెంటా రైలు మార్గాల వెంటా సులువు. రోడ్లు లేని చోట బెంచ్‌మార్కులూ పలచబడతాయి.

ఉపగ్రహ ఆధారిత స్థాననిర్ణయ పరికరాలు ఈ కష్టాన్ని చాలా తగ్గించాయి. అయితే వాటిలో ఒక మెలిక ఉంది. అవి ఎత్తును సముద్రమట్టం నుంచి కొలవవు. భూమి ఆకారాన్ని నున్నటి గుడ్డులాంటి గణిత రూపంగా ఊహించుకుని దాని ఉపరితలం నుంచి కొలుస్తాయి. నిజమైన సముద్రమట్టం గురుత్వాకర్షణను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. దక్షిణ భారతం చుట్టుపక్కల అది ఆ గణిత రూపం కంటే చాలా కిందికి ఉంటుంది. గోదావరి ప్రాంతంలో ఈ తేడా సుమారు 60–70 మీటర్లు. కాబట్టి సముద్రమట్టానికి 45 మీటర్ల ఎత్తున్న నేల, సవరణ చేయని ఉపగ్రహ లెక్కలో సున్నా కంటే తక్కువగా కనిపిస్తుంది! రెండు శాఖలు రెండు వేర్వేరు ఆధారాలతో కొలిచి తమ అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే ఎంత గందరగోళమో ఊహించవచ్చు. అందుకే ఉమ్మడి సర్వేల్లో 'ఎంత ఎత్తు' అనే మాట కంటే ముందు 'ఏ ఆధారం నుంచి' అనేది అందరూ ఒప్పుకోవాలి.

భారత సర్వే సంస్థ దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా స్థిర కేంద్రాలను నెలకొల్పింది. ఇవి రాత్రీపగలూ ఉపగ్రహ సంకేతాలను అందుకుంటూ, క్షేత్రంలో ఉన్న పరికరాలకు సవరణలు పంపుతాయి. దీంతో కొన్ని సెంటీమీటర్ల కచ్చితత్వం అప్పటికప్పుడే దొరుకుతుంది. కానీ ఆ సవరణలు చేరాలంటే మొబైల్ సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ అందని అడవి గ్రామాల్లో పరికరాన్ని గంటల తరబడి ఒకే చోట నిలిపి, సమాచారం నమోదు చేసుకుని, కార్యాలయానికి తిరిగొచ్చాక లెక్కలు కట్టాల్సిందే.

నది ఒడ్డున మరో చిక్కు

150 అడుగుల గీతను కచ్చితంగా గీసినా కథ అక్కడితో ముగియదు. నిలకడగా ఉన్న చెరువు నీటికి మట్టం ఒకటే. పారే నదికి అలా కాదు. వరద వచ్చినప్పుడు నీరు కిందికి సాగాలంటే ఎగువన మట్టం కొంత ఎక్కువ ఉండాలి. అంటే ఆనకట్ట వద్ద 150 అడుగులున్నప్పుడు, వరద కాలంలో శబరి ఎగువన నీరు అంతకంటే ఎత్తున ఉండవచ్చు. ఎంత ఎత్తున అనేది వరద పరిమాణాన్ని బట్టి మారుతుంది. పోలవరం విషయంలో మొదట 36 లక్షల క్యూసెక్కుల వరదను, తర్వాత 50 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలోకి తీసుకున్నారు. ముంపుపై వాదనల్లో ఈ తేడాది పెద్ద పాత్ర.

ప్రాజెక్టు సంగతి అలా ఉంచినా శబరికి ఎగదన్నే స్వభావం ఉంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. గోదావరి అంత నిండుగా ఉంటే కూనవరం వద్ద శబరి నీరు అందులోకి దిగలేక వెనక్కి పోటెత్తుతుంది. చింతూరు, కుంట మధ్య రాకపోకలు అలాంటప్పుడే తెగిపోతుంటాయి. ఈ వెనుక జలాలను లెక్కగట్టాలంటే నేల ఎత్తు ఒక్కటే చాలదు. నది అడ్డుకోత, అంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీటి అడుగున నేల ఆకారం ఎలా ఉందో అనేక చోట్ల కొలవాలి. సాధారణ లేజర్ నీటిని దాటలేదు కాబట్టి ఈ పని పడవలో వెళ్లి ధ్వని తరంగాలతో చేస్తారు. కుంట వద్ద కేంద్ర జల సంఘం నమోదు చేసే నీటిమట్టాలతో ఆ లెక్కలను సరిచూసుకుంటారు.

పటం ఎక్కని వాడలు

2012లో దంతెవాడ నుంచి విడిపోయి ఏర్పడిన సుక్మా జిల్లాలో 2011 లెక్కల ప్రకారం ఉన్నది సుమారు రెండున్నర లక్షల జనం. చదరపు కిలోమీటరుకు 50 మంది కూడా లేరు. అదే దేశ సగటు 382. ఇక్కడ ఊరంటే ఒకే చోట గుమిగూడిన ఇళ్లు కావు. ఒక్కో ఊరు కొన్ని వాడలుగా, వాడకూ వాడకూ మధ్య పొలాలు, అడవి, వాగులతో విస్తరించి ఉంటుంది. 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. పది ఇళ్ల వాడ అందులో ఒకటి రెండు చుక్కలు. కొన్నిసార్లు అదీ ఉండదు.

జనం పలచగా ఉన్న ప్రాంతాలన్నిటికీ ఈ ఇబ్బంది ఉంది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఇసుక దిబ్బల మీద గడ్డి పెరిగిన విశాలమైన కొండలున్నాయి. అక్కడ పశువుల పెంపకమే ప్రధాన వృత్తి. మైళ్ల కొద్దీ ఇల్లు కనిపించదు. అక్కడి టోపోగ్రాఫిక్ పటాల్లో పశువులకు నీళ్లు తోడే గాలిమరలను ప్రత్యేక గుర్తుతో చూపించారు. ఎందుకంటే ఆ నేలలో మనిషికి దారి చెప్పేవి అవే. సుక్మాలో ఆ పని చేసేవి పెద్ద చింతచెట్టు, చేతిపంపు, వాగు దాటే రేవు. ఏది గుర్తో తెలిసింది అక్కడ ఉండేవాళ్లకే.

పేర్ల సంగతీ అంతే. కుంట ప్రాంతంలోని దొర్లలు మాట్లాడే దొర్లి మీద తెలుగు ప్రభావం ఎక్కువ. ఉత్తరానికి వెళ్లేకొద్దీ గోండి, హల్బీ వినిపిస్తాయి. గొల్లపల్లి, పోలంపల్లి, మరాయిగూడ వంటి పేర్లు తెలుగువారికి సొంత ఊళ్ల పేర్లలా తోస్తాయి. చింతల్‌నార్, కూకనార్ పేర్ల చివరి 'నార్' అంటే గోండిలో ఊరు. ఒక పేరు ఊరి వాళ్ల నోట ఒకలా, హిందీ రికార్డులో మరోలా, ఇంగ్లిషు పటంలో ఇంకోలా ఉంటే ఒకే ఊరు మూడు ఊళ్లుగా మారే ప్రమాదం ఉంది. 2005 తర్వాతి హింసలో చాలా కుటుంబాలు ఊళ్లు వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలస వెళ్లాయి. పటంలో పేరున్నా మనుషులు లేని ఊళ్లు, మనుషులున్నా పటంలో పేరు లేని వాడలు అలా ఏర్పడ్డాయి.

దీని ఫలితం రోజువారీ బతుకులో కనిపిస్తుంది. 2020లో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి రక్త పరీక్షలు చేశారు. వాడ ఎక్కడుందో తెలియకపోతే ఏ ఇల్లు మిగిలిపోయిందో కూడా తెలియదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరు తన సామూహిక అడవిపై హక్కు కోరాలన్నా హద్దులు చూపాలి. ముంపు పరిహారం లెక్కించాలన్నా ముందు ఆ ఇల్లు పటంలో ఉండాలి.

2030 లక్ష్యం

2022 డిసెంబరులో వెలువడిన జాతీయ జియోస్పేషియల్ విధానం దీనికొక గడువు పెట్టింది. 2030 నాటికి పట్టణ, గ్రామీణ ప్రాంతాలను 5 నుంచి 10 సెంటీమీటర్ల స్పష్టతతో, అడవులు, బంజరు భూములను 50 నుంచి 100 సెంటీమీటర్ల స్పష్టతతో పటాలకు ఎక్కించాలన్నది లక్ష్యం. ఎత్తుల నమూనా మైదానాల్లో 25 సెంటీమీటర్ల, కొండ ప్రాంతాల్లో 1 నుంచి 3 మీటర్ల కచ్చితత్వంతో ఉండాలని నిర్దేశించింది.

సుక్మా లాంటి జిల్లాకు ఈ అంకెల్లో ఒక సూక్ష్మం ఉంది. అడవిగా, కొండ ప్రాంతంగా లెక్కలోకి వస్తే వర్తించేది తక్కువ స్పష్టత, తక్కువ కచ్చితత్వం. కానీ అదే అడవి నడుమ, నది ఒడ్డున, మైదానం లాంటి చదును నేల మీద మనుషులు ఉంటున్నారు. శబరి లోయను కొండ ప్రాంతంగా చూస్తే మీటరు పొరపాటు సమ్మతమే. మైదానంగా చూస్తే కాదు. ఏ కొలబద్ద వర్తింపజేయాలన్నది కూడా పరిహారం అందే ఇళ్ల సంఖ్యను మార్చగల నిర్ణయమే.

పరికరాల విషయంలో నేడు పెద్ద కొరత లేదు. లేజర్ ఉంది, ఉపగ్రహాలున్నాయి, స్థిర కేంద్రాలున్నాయి. వాటితో తీసిన పటాన్ని గ్రామసభ ముందు పరిచి, వాడల పేర్లు వాళ్ల భాషలోనే రాయించుకుని, 2022 వరద నీరు ఏ చెట్టు మొదలు దాకా, ఏ ఇంటి అరుగు దాకా వచ్చిందో అడిగి కొలుచుకోవడం మిగిలిన పని. వరద గుర్తులను అలా సేకరించడం జలశాస్త్రంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. లెక్కల్లో వచ్చిన మట్టం, ఊరివాళ్లు చూపిన గుర్తు ఒకదానికొకటి సరిపోతే ఆ గీతను మూడు రాష్ట్రాల్లోనూ నమ్ముతారు. సరిపోకపోతే, రాయి పాతకముందే మళ్లీ కొలవవచ్చు.